రంజన విహారం మెట్లెక్కిన సాయంత్రం

డబ్బా మళ్ళీ నిండుగానే తిరిగొచ్చింది.

సంఘపాల్ దాన్ని వంటగట్టు మీద పెట్టి, వానకు తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేశాడు. రంజన మూత తీసి చూడలేదు. ఎత్తగానే బరువును బట్టి తెలిసిపోయింది. జొన్నరొట్టెలు, పప్పు, మామగారు దోమాజీకి ఇష్టమని పొద్దున్నే లేచి చేసిన గోంగూర, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఏమన్నారు?" అని భర్తను అడిగింది.

"జైభీమ్ అన్నాడు. ఉత్పల బడికెళ్ళిందా అన్నాడు. డబ్బా వంక చూడనేలేదు."

"మరి తిండి?"

"అనసూయా తాయి ఇంటినుంచి ఒక పూట, ఇంకెవరింటినుంచో ఒక పూట వస్తోంది. సొంతిల్లు పెట్టుకుని గజ్‌భియే పెద్దాయన బుద్ధ విహారంలో చాపమీద ఎందుకు పడుకుంటున్నాడని మా షాపు దగ్గర కూడా అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

రంజన గిన్నెలు తీసి పక్కన పెట్టుకుంది. 

పోయిన శుక్రవారం సాయంత్రం జరిగిన సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేదు. దోమాజీ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. అప్పటికి రంజన గిన్నెల అలమర తలుపు తెరిచి, వెనక అరలో చిన్న దీపం వెలిగించి ఉంది. దీపం ముందు అరచేతిలో పట్టేంత వెండి ముఖం. మాహూర్ దేవత రేణుకమ్మది. పక్కన ఆరేళ్ళ కూతురు ఉత్పల నుదుట కుంకుమ పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దణ్ణం పెడుతోంది.

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. నీళ్ళు తాగలేదు.  గోడకు తగిలించిన గుడ్డసంచీలో రెండు జతల బట్టలు, కళ్ళజోడు సర్దుకుని, బుద్ధుడి పటానికీ బాబాసాహెబ్ పటానికీ చేతులు జోడించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. విహారం రెండు వీధుల అవతలే. అక్కడికి వెళ్ళినవాడు ఇంతవరకూ తిరిగి రాలేదు.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు," అన్నాడు సంఘపాల్, తల తుడుచుకుంటూ. "ఆ వెండి ముఖాన్ని ఎక్కడికైనా పంపించేద్దాం."

"ఎక్కడికి?"

"నీకే తెలియాలి."

"అది మా అమ్మది."

"తెలుసు. నాకు తెలిసి నాలుగేళ్ళయింది. నేను ఎప్పుడైనా అడ్డు చెప్పానా? కానీ ఆయన చిన్నతనంలో బౌద్ధ దీక్ష తీసుకున్న మనిషి. దేవుళ్ళకి మొక్కనన్న ఆ ప్రమాణాలు ఆయనకి నోటిమాటలు కావు రంజనా. నువ్వు దాచుకున్నావు సరే. పాప చేత ఎందుకు మొక్కించావ్?"

రంజన డబ్బా విప్పి గోంగూర వేరే గిన్నెలోకి తీసింది. పప్పు ఇంకో గిన్నెలోకి తీసింది. సంఘపాల్ పొడి చొక్కా తొడుక్కున్నాడు.

"నువ్వేమీ చెయ్యకపోతే నేనే ఏదో ఒకటి చేస్తాను," అని గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. బెదిరించడం తెలిసినవాడు కాదు. అందుకే ఆ మాట ఆమెకు ఇంకా బరువుగా తగిలింది.

అతను వెళ్ళాక ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. అరుగు మీద నాలుగు రోజుల పేపర్లు మడతపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రోజూ పొద్దున టీ తాగుతూ ఆమె చదవాలి, ఆయన వినాలి, అదీ వాళ్ళిద్దరి అలవాటు. ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డాక మొదలైంది. కళ్ళజోడు ఉండగా మీరే చదువుకోవచ్చుగా అని ఒకసారి సంఘపాల్ నవ్వితే, కోడలు చదివితే వార్తలు కాస్త తక్కువ చెడ్డగా వినిపిస్తాయిరా అన్నాడు దోమాజీ.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక్క సంచీతో ఆమె ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడు, పెద్దకులపు పాటిల్ ఇంటి పిల్ల మన గల్లీలో ఎన్నాళ్ళుంటుందని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. ఆయన మాత్రం వీధిలో నిలబడి, మా ఇంటికి కూతురొచ్చింది, టీ తాగడానికి రండి అని అందర్నీ పిలిచాడు. పుట్టింటివాళ్ళు ఆ రోజే ఆమెను చచ్చినదాని కింద లెక్కేశారు. తల్లి చనిపోయిన కబురు కూడా మూడో రోజుకి గాని రాలేదు. అన్న విలాస్ రావద్దని చెప్పించాడు. ఆ తర్వాత గాజులమ్మే ఆమె ఒకతె వచ్చి, మీ అమ్మ పోయేముందు నీకిమ్మంది అంటూ పాత రవికముక్కలో చుట్టిన వెండి ముఖం చేతిలో పెట్టి వెళ్ళింది. రోజూ కుంకుమ అద్దీ అద్దీ తల్లి బొటనవేలు ఆ ముఖం మీది ముక్కును అరగదీసేసింది. రంజన తన వేలు అక్కడ పెట్టుకుని ఆ రాత్రంతా కూర్చుంది.

ఇన్నేళ్ళలో ఆమె విహారానికి ఒక్కసారీ వెళ్ళలేదు. పౌర్ణమి వచ్చిన ప్రతిసారీ తలనొప్పో, పాపకు జ్వరమో అడ్డొచ్చేది. దోమాజీ ఎప్పుడూ రమ్మని అడగలేదు. రావాలనిపించిన రోజు దానికై అదే వస్తుంది అనేవాడు.

రావాలనిపించి కాదు, రాక తప్పక ఆ సాయంత్రం బయల్దేరింది. ఉత్పలను పక్కింట్లో ఒప్పజెప్పి, గొడుగు తీసుకుంది. కట్టుకున్న ఎర్రంచు చీర మార్చుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించి, మార్చుకోకుండానే వెళ్ళింది.

విహారం ముందు వాననీళ్ళలో చెప్పులు వరసగా ఉన్నాయి. ఎక్కువ ఆడవాళ్ళవే. వానాకాలపు వర్షావాసం మొదలైనప్పటినుంచీ రోజూ సాయంత్రం బుద్ధవందన, తర్వాత బాబాసాహెబ్ రాసిన బుద్ధుడి గ్రంథం చదవడం ఉంటాయని ఆమెకు తెలుసు. ఇంటి కిటికీలోంచి మైకులో మామాజీ గొంతు విని, ఇదిగో ఇప్పుడు దగ్గుతారు, ఇదిగో నీళ్ళు తాగుతారు అని ఊహించుకోవడం ఆమెకు అలవాటే. లోపల ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

మెట్లెక్కి గుమ్మంలో నిలబడగానే ఆమె కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇక్కడ గంట ఉండదమ్మా," అంది వెనకనుంచి ఒక గొంతు. "గంట కొట్టి లేపడానికి ఆయన నిద్రపోడు."

అనసూయా తాయి. తెల్లచీర, చేతిలో చీపురు. పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. మహిళా మండలి అంతా ఆమె మాట మీదే నడుస్తుంది. రంజన సిగ్గుతో చెయ్యి కిందికి దించి కొంగు సర్దుకుంది.

"దారి తప్పి వచ్చావా, తెలిసే వచ్చావా?"

"మామాజీతో మాట్లాడాలి తాయీ."

"మాట్లాడుదువుగాని. ఇప్పుడు వందన మొదలవుతుంది. ఆయన చెప్పాలి, మేం అనాలి. నీకోసం ఆపరు." చీపురు మూలకు ఆనించి, ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మా ఇంటి రొట్టెలు ఆయనకి పడటం లేదు. నమలలేక నీళ్ళలో నానబెట్టుకుని తింటున్నాడు. నువ్వు మెత్తగా చేస్తావట."

అది ఎత్తిపొడుపో కాదో రంజనకు తేలలేదు. 

లోపల పొడవాటి ఒకే గది. ఎదురుగా గద్దె మీద బుద్ధుడు, పక్కన బాబాసాహెబ్ పటం, రెంటికీ తెల్లపూలు. కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. గోడవారన, పగలు కుట్టు నేర్పే మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. తెల్లచీరల మధ్య తన ఎర్రంచు ఎక్కడ దాచుకోవాలో తెలియక రంజన అన్నిటికంటే చివర, మిషన్ పక్కన కూర్చుంది. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకు తిరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

దోమాజీ వెనక గదిలోంచి వచ్చాడు. తెల్లలాల్చీ నలిగి ఉంది. ఇస్త్రీ లేదు. గడ్డం మాసి ఉంది. నాలుగు రోజులకే భుజాలు కిందికి జారినట్టున్నాయి. గద్దె ముందు మోకాళ్ళ మీద కూర్చుంటూ ఒకసారి జనం వైపు చూశాడు. ఆ చూపు చివరిదాకా వచ్చి రంజన దగ్గర ఆగింది. తర్వాత చేతులు జోడించి ముందుకు వంగాడు.

"నమో తస్స..." అని ఆయన అందుకోగానే గది మొత్తం ఒక్కసారిగా అందుకుంది.

రంజనకు ఆ మాటలు రావు. చేతులు మాత్రం జోడించుకుంది. ఎవరికి జోడించిందో ఆమెకే తెలియదు. పాళీలో ఆడవాళ్ళ గొంతులు దీర్ఘం తీసి దించుతుంటే, అర్థం కాని ఆ దీర్ఘంలో మరేదో వినిపించసాగింది. దీపాలవేళ పుట్టింటి నడవ. తల్లి పాడుతుంటే వెనక గొంతు కలిపే తను. తప్పు పాడినప్పుడు తొడమీద చిన్నగా తట్టే అన్నయ్య చెయ్యి. తొమ్మిదేళ్ళుగా అలా నలుగురి మధ్య కూర్చుని ఒక గొంతులో గొంతు కలపలేదని అప్పుడు తెలిసింది. ఇంట్లో అలమర ముందు ఒక్కతే, గొణుక్కుంటూ, ఎవరైనా వస్తారేమోనని చెవి గుమ్మం దగ్గర పెట్టి మొక్కుకోవడమే మిగిలింది.

పక్కకు జరిగి ఎవరో ఆనుకుని కూర్చున్నారు. అనసూయా తాయి. ముందుకు చూస్తూనే రంజన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, ఎలా వంగాలో, నేలకు నుదురు ఎప్పుడు ఆనించాలో చూపించింది. చివర "సాధు, సాధు, సాధు" అన్నప్పుడు మాత్రం రంజన పెదవులు కదిలాయి.

ఆ రోజు గ్రంథం ఇంకెవరినో చదవమని చెప్పి దోమాజీ వెనక గదిలోకి వెళ్ళాడు. వెళ్ళమని అనసూయా తాయి కళ్ళతోనే చెప్పింది.

వెనక గదిలో పుస్తకాల బీరువా, బల్ల, చుట్టిపెట్టిన చాప. గుడ్డసంచీ మేకుకు వేలాడుతోంది. ఆయన బల్లమీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చోకుండా బీరువాకు ఆనుకుని నిలబడింది.

పాప నిద్రలో మిమ్మల్నే పిలుస్తోందని చెప్పింది. పేపర్లు మడత విప్పలేదని, ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదని చెప్పింది. ఆయన అన్నీ విన్నాడు. ఉత్పల దగ్గు తగ్గిందా అని మాత్రం అడిగాడు.

"నన్ను తిట్టండి మామాజీ. కొట్టినా పడతాను. ఇలా వెళ్ళిపోతే ఎలా?"

"కొట్టే మనిషినైతే ఇంట్లోనే ఉండేవాణ్ణి."

"నేను దాచుకున్నది దేవతని కాదు. దానిమీద మా అమ్మ వేలు ఉంది. అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు నా దగ్గర. ముఖం మర్చిపోతున్నాను. దాన్ని పట్టుకుంటే గుర్తొస్తుంది."

 బయట గ్రంథం చదువుతున్న గొంతు ఒకచోట తడబడి, మళ్ళీ సర్దుకుంది.

"నేను దీక్ష తీసుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు," అన్నాడు. "మైదానం నుంచి ఇంటికి రాగానే మా అమ్మ గూట్లో దేవుళ్ళందర్నీ చేటలో పెట్టుకుని నది దాకా నడిచింది. నేను వెనకే వెళ్ళాను. నీళ్ళలో వదిలేసి తిరిగి చూడకుండా వచ్చేసింది. కానీ సాయంత్రం అయ్యేసరికి ఆవిడ చెయ్యి ఆ గూటివైపే పోయేది. దీపం పెట్టడానికి లేచేది, గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేది. ఎన్నో ఏళ్ళు అలాగే చేసింది. బెంగ అంటే ఏంటో నాకు తెలీదనుకోకు."

"మరి మళ్ళీ తెచ్చుకోలేదా?"

"తెచ్చుకోలేదు. వాటితో పాటు ఇంకొకటి కూడా ఇంట్లోకి వస్తుందని ఆవిడకి తెలుసు. గుడి బయట ఎండలో నిలబడి, పైనుంచి ప్రసాదం విసిరితే ఏరుకోవడం. మీ అమ్మ లోపలుండి పూజ చేసింది. మా అమ్మ బయట నిలబడింది. దేవత ఒకతే."

రంజన తల వంచుకుంది.  పుట్టింటి ఊళ్ళో అలా బయట నిలబడినవాళ్ళను చిన్నప్పుడు తను చూసింది. చూసి, ప్రసాదం తింటూ ముందుకు పోయింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పమ్మా," అన్నాడు దోమాజీ. "ఉత్పల చేత దణ్ణం పెట్టించావు గదా. అదెవరని చెప్పావు దానికి?"

ఆమె పెదవి కొరుక్కుంది.

"మీ అమ్మమ్మది అని చెప్పావా?"

"లేదు."

"మరి?"

"దేవతమ్మ అని చెప్పాను. మొక్కుకుంటే తాతయ్య కాళ్ళనొప్పులు తగ్గుతాయని చెప్పాను."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. నవ్వు కాదు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీ అమ్మ వస్తువని చెప్పుంటే నేనే తుడిచి గూట్లో పెట్టేవాణ్ణి. నువ్వు నాతో ఒకటి చెప్తున్నావు, పాపతో ఇంకొకటి చెప్పావు."

"రెండూ నిజమే మామాజీ," అంది రంజన, ఏడుపు ఆపుకుంటూ. "అమ్మనీ దేవతమ్మనీ విడదీసి చూడటం నాకు చేతకావడం లేదు. మీ దగ్గర అబద్ధం ఎలా చెప్పను?"

"చెప్పకు. అబద్ధం చెప్పి నన్ను ఇంటికి తీసుకెళ్ళకు." ఆయన గొంతు తగ్గింది. "నేను మొండికేసి కూర్చోలేదమ్మా. ఆ కప్పు కింద పడుకుంటే నిద్ర రాదు. ఇక్కడా రావడం లేదు, అది వేరే సంగతి. నువ్వు రేపు కూడా రా. ఎల్లుండి కూడా రా. నేను మాత్రం ఇప్పుడు రాలేను."

 వెళ్ళమని ఆయనా అనలేదు, ఆమె కూడా కదల్లేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. సంఘపాల్ తడిసి ముద్దయి ఉన్నాడు. షాపునుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. పెళ్ళాన్ని అక్కడ చూసి తెల్లబోయాడు. తర్వాత అతని ముఖం వెలిగింది.

"మంచిదైంది, నువ్వూ ఇక్కడే ఉన్నావు. బాబా, ఇంక ఇంటికి పదండి. సంగతి తేలిపోయింది." ఆయాసం తీర్చుకుని రంజన వైపు తిరిగాడు. "మీ ఊరు ఫోన్ చేశాను. మీ అన్నయ్యతో మాట్లాడాను. రేపు పొద్దున బస్సుకి వస్తానన్నాడు. ఆ ముఖం తీసుకెళ్ళిపోతాడు. నదిలో వెయ్యక్కర్లేదు, అమ్మక్కర్లేదు. దాని ఇంటికి అది వెళ్ళిపోతుంది."

రంజన అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదేళ్ళలో అన్నయ్య గొంతు ఆమె వినలేదు. ఎన్నోసార్లు రూపాయి వేసే డబ్బాఫోన్ దాకా వెళ్ళి, నంబర్ సగం నొక్కి వెనక్కి వచ్చేసింది.

"నా గురించి అడిగాడా?"

సంఘపాల్ చొక్కా అంచు పిండుకున్నాడు.

"చెప్పండి. ఏమని అడిగాడు?"

"ఫోన్ సరిగా వినపడలేదు..."

"సంఘపాల్," అన్నాడు దోమాజీ.

"దేవత గురించే అడిగాడు," అన్నాడతను చివరికి. "అమ్మ పోయినప్పటినుంచీ వెతుకుతున్నారట. దొంగ ఎవరో ఇన్నాళ్ళకి తెలిసింది అన్నాడు. నువ్వు ఎలా ఉన్నావని... అడగలేదు. పాప ఉందని నేనే చెప్పాను. వినలేదేమో."

అవతల గదిలో చదవడం అయిపోయినట్టుంది. ఆడవాళ్ళు లేచి చాపలు చుడుతున్న చప్పుడు వస్తోంది. రంజన ఏడవలేదు. బీరువా అద్దంలో తన మొహం కనబడుతుంటే పక్కకు తిరిగింది.

దోమాజీ బల్లమీదినుంచి మెల్లగా లేచాడు.

"కోడలి వస్తువు ఇచ్చెయ్యడానికి నువ్వెవడివిరా?"

"మీకోసమే బాబా..."

"నాకోసమైతే నన్నడగాలి. కోడలిదైతే కోడల్నడగాలి. ఇద్దర్నీ వదిలేసి, దీన్ని చచ్చిందన్నవాణ్ణి అడిగొచ్చావు." మేకుమీది గుడ్డసంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. "పద."

రంజనకు ముందు అర్థం కాలేదు. "ఎక్కడికి మామాజీ?"

"ఇంటికి. రేపు వాడొచ్చి దొంగా అని పిలుస్తాడు. అప్పుడు గుమ్మంలో నేను ఉండాలి గదా." చాపను చంకలో పెట్టుకున్నాడు. "లోపలికి మాత్రం రాను. అరుగుమీద పడుకుంటాను."

అనసూయా తాయి తలుపు దగ్గరే ఉంది. అంతా వినే ఉంటుంది. దారి ఇచ్చి, రంజన మెట్లు దిగుతుంటే, రేపు వందన ఆరున్నరకి, ఏ చీరైనా ఫరవాలేదు అని మాత్రం చెప్పింది.

వాన సన్నబడింది. సంఘపాల్ తప్పు చేసినవాడిలా నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు. గొడుగు రంజన పట్టుకుంది. దోమాజీ పక్కన నడుస్తున్నాడు. ఆ నాలుగు రోజుల్లోనే ఆయన నడక ఎంత నెమ్మదైపోయిందో ఆమెకు కనిపించింది.

"దాన్ని ఉంచుకోమనీ చెప్పను, ఇచ్చెయ్యమనీ చెప్పను," అన్నాడాయన వీధి మలుపులో. "అది నీ మాట. కానీ వాడి ముందు నువ్వొక మాట చెప్పాల్సి ఉంటుంది. నీ పక్కన పాప కూడా ఉంటుంది. ఏం చెప్తావో ఈ రాత్రి ఆలోచించుకో అమ్మా."

రంజన తల ఊపింది. కాని ఆమె మనసు ఆ మాట మీద లేదు. పొద్దున బస్సు ఎన్నింటికి వస్తుందో, స్టాండు నుంచి అన్నయ్య నడిచి వస్తాడో రిక్షాలో వస్తాడో, ఇప్పుడు జుట్టు నెరిసిందో లేదో, మీసం అలాగే ఉంచుకున్నాడో, ఇదే ఆలోచన. దొంగ అన్నవాడి కోసం ఇంతగా ఎదురుచూస్తున్నందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గుపడినా ఎదురుచూపు ఆగలేదు.

ఇంటి దీపం కనబడింది. ఉత్పల గొంతు పక్కింట్లోంచి వినిపిస్తోంది. రంజన ఆగిపోయింది.

"మామాజీ."

"చెప్పు."

"మా అన్నయ్య మనింట్లో మంచినీళ్ళు తాగుతాడంటారా?"

దోమాజీ అడుగు ఆగింది. గొడుగు అంచునుంచి కారిన నీళ్ళు ఆయన భుజం మీద పడుతున్నా జరగలేదు. ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. చాప చంక మార్చుకుని అరుగువైపు నడిచాడు.